అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ స్టార్టర్ కిట్ 1: సార్జెంటు పేరుంది, పని లేదు

చిన్నప్పుడు అరుగు మీద సుద్దముక్కతో గీసుకొని ఆడిన పులిజూదంలో మేకలన్నీ ఒకటే. ఏ మేకా మరో మేకకు దారి చూపదు, ఒక మేక పోయినంత మాత్రాన పక్క గడిలోని మేక బెదిరి వెనక్కి పరుగెత్తదు. యుద్ధాన్ని బల్ల మీద ఆడించే ఆటల్లో చాలావాటిది నేటికీ ఇదే పద్ధతి. 1977లో అమెరికాలోని అవలాన్ హిల్ సంస్థ విడుదల చేసిన 'స్క్వాడ్ లీడర్' మాత్రం పదాతి దళాన్ని నడిపించే మనిషికి దళంతో సంబంధం లేకుండా ఒక ప్రత్యేకమైన బిళ్లను కేటాయించి, ఆ బిళ్ల ఉన్నచోట ఒక రకంగానూ లేనిచోట మరో రకంగానూ పోరు సాగేలా నియమాలు రాసుకుంది. జాన్ హిల్ రూపొందించిన ఆ ఆట 1985లో 'అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్' అనే మహావృక్షంగా పెరిగింది. దాని నియమాల పుస్తకం చూసి పారిపోయినవారి కోసం మల్టీ మ్యాన్ పబ్లిషింగ్ సంస్థ 2004లో పదాతి పోరుకే పరిమితం చేసి తెచ్చిన చిన్న పెట్టె ఈ స్టార్టర్ కిట్ 1. నేను దీన్ని రెండేళ్లుగా ఆడుతున్నాను. పెట్టెలోని ప్రతి అంశాన్నీ తూకం వేయడం ఈ సమీక్ష ఉద్దేశం కాదు. పోరులో అధికారి పని ఏమిటి, సార్జెంటు పని ఏమిటి అన్న ప్రశ్నకు ఈ ఆట ఎంతవరకు నిజాయితీగా జవాబు చెబుతుందన్నదే నేను చూడదలచుకున్న విషయం.

సామాన్ల సంగతి ముందుగా క్లుప్తంగా చెబుతాను. ఆరు మూలల గడులు గీసిన పటాలు, అర అంగుళం అట్టబిళ్లలు, పాచికలు, పలుచని నియమాల పుస్తకం, ఆరు పోరాట ఘట్టాలు ఇందులో ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలోని జర్మన్, సోవియట్, అమెరికన్ పదాతి దళాలు మాత్రమే కనిపిస్తాయి, ట్యాంకులు లేవు. ఒక్కో గడి నేల మీద 40 మీటర్లకు, ఒక్కో వంతు ఇంచుమించు రెండు నిమిషాల కాలానికి సమానం. పుస్తకం ఆంగ్లంలోనే ఉంటుంది, పెట్టెను విదేశం నుంచే తెప్పించుకోవాలి. నాకు పంపిన అమ్మకందారు దాన్ని ఎంత అజాగ్రత్తగా కట్టాడంటే పెట్టె ఒక మూల నలిగి, కొన్ని బిళ్లలు అట్ట నుంచి ముందే ఊడి వచ్చాయి. కస్టమ్స్ సుంకం కట్టి తెచ్చుకున్న వస్తువు అలా వస్తే ఎవరికైనా మనసు చివుక్కుమంటుంది కానీ, బిళ్లలు ఒక్కటీ పోలేదు.

ఇక అసలు విషయానికి వస్తే, ప్రతి దళం బిళ్ల మీద మూడు అంకెలుంటాయి. ఉదాహరణకు సాధారణ జర్మన్ దళం బిళ్ల 4-6-7. కాల్పుల బలం 4, తుపాకుల వ్యాప్తి 6 గడులు, నిబ్బరం 7. నాయకుడి బిళ్ల మీద రెండే అంకెలు. మొదటిది అతని సొంత నిబ్బరం, రెండోది అతను ఇతరుల పాచికల మీద చూపే ప్రభావం. ఈ ఆటలో పాచికలు ఎంత తక్కువ పడితే అంత మంచిది కాబట్టి, 9-2 అని రాసి ఉన్న నాయకుడు దగ్గరుంటే పడిన మొత్తంలోంచి రెండు తగ్గించుకోవచ్చు. 6+1 అని ఉన్నవాడు చెదిరిన దళాన్ని మళ్లీ కూడగట్టడానికి పూనుకుంటే ఒకటి కలుపుకోవాలి, అంటే అతను చేసే మేలు కన్నా కీడే ఎక్కువ. అంకెలతో పాటు చిన్న అక్షరాల్లో హోదా, పేరు కూడా ఉంటాయి. అట్టడుగున కార్పొరల్, ఆ పైన సార్జెంటు, ఇంకా పైకి పోయేకొద్దీ లెఫ్టినెంట్, కెప్టెన్.

ఈ అంకెలు దేనికి పనికొస్తాయో తెలియాలంటే దళం చెదిరినప్పుడు ఏమవుతుందో చూడాలి. ఈ ఆటలో తూటా దెబ్బకు మనుషులు చనిపోవడం కన్నా చెదిరిపోవడమే తరచుగా జరుగుతుంది. చెదిరిన దళం బిళ్లను వెనక్కి తిప్పి పెడతారు, ఆ దళం తుపాకి పేల్చదు, దగ్గరలోని అడవిలోకో ఇంట్లోకో పారిపోతుంది. చిన్న మినహాయింపు ఒకటి పక్కన పెడితే, నాయకుడి బిళ్ల వెళ్లి అదే గడిలో నిలబడితే తప్ప అది మళ్లీ దళం కాదు. అప్పుడే తూటాలు తిన్న దళమైతే పాచికలకు నాలుగు కలుపుకోవాలి, తలదాచుకోవడానికి ఇల్లుంటే ఒకటి తీసేసుకోవచ్చు. చివరికి వచ్చిన మొత్తం దళం నిబ్బరాన్ని దాటకూడదు. లెక్క వేసి చూడండి: అప్పుడే తూటాలు తిని ఇంట్లో దాక్కున్న ఆ 4-6-7 దళాన్ని 9-2 కెప్టెన్ కూడగట్టబోతే రెండు పాచికల మీద ఆరు లేదా అంతకన్నా తక్కువ పడితే చాలు, అంటే 36లో 15 అవకాశాలు. 7-0 సార్జెంటు వెళితే నాలుగు లేదా అంతకన్నా తక్కువ పడాలి, 36లో 6. 6+1 కార్పొరల్ వెళితే మూడు లేదా అంతకన్నా తక్కువ, 36లో కేవలం 3. దళం అదే, ఇల్లు అదే, భయమూ అదే, గడిలో కాలు పెట్టిన మనిషి ఒక్కడే మారాడు. నియమాల పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చిన భాగం ఇదే. పోరులో నాయకత్వం అంటే కత్తి దూసి ముందుకు ఉరకడం అనుకునే మనకు, అందులో సగం పని వెనక గోడ చాటున వణుకుతున్న పదిమందిని మళ్లీ మనుషులుగా నిలబెట్టడమేనని ఈ ఆట పాచికలతో నేర్పుతుంది.

రెండో మంచి గుణం కొరత. ఒక్కో ఘట్టంలో దళాలు చాలా ఉన్నా నాయకులు చాలడం ఉండదు. ఉన్న ఒక్క మంచి నాయకుణ్ణి మెషిన్‌గన్ దగ్గర పెట్టి కాల్పులు నడిపించాలా, దాడికి వెళ్లే దళంతో పంపాలా, వెనక చెదిరినవాళ్ల దగ్గరికి పరుగెత్తించాలా అన్నది ప్రతి వంతులోనూ తేల్చుకోవలసిందే. మామూలు దళం వంతుకు నాలుగు పాయింట్ల నడక నడుస్తుంది, నాయకుడితో కలిసి కదిలితే మరో రెండు పాయింట్లు కలుస్తాయి. వీధి దాటడానికి ఆ రెండే తేడా. మొదటి ఘట్టం 1944 జూన్‌లో నార్మండీలోని వీర్‌విల్ గ్రామం చుట్టూ జరుగుతుంది. దాన్ని మొదటిసారి ఆడినప్పుడు నేను నా మంచి నాయకుణ్ణి దాడికి ముందు పంపాను. రెండో వంతుకు మూడు దళాలు చెదిరి ఒకే తోటలో పోగయ్యాయి, వాటిని పలకరించే నాథుడు లేడు. ఓడిపోయాను. రెండోసారి అతణ్ణి వెనకే ఉంచాను, చెదిరిన దళాలన్నీ చక్కగా లేచాయి గానీ దాడి ముందుకే సాగలేదు. మళ్లీ ఓడిపోయాను.

ఈ రెండు ఓటములూ ఒక మనిషి తప్పు కాదని, అక్కడ ఇద్దరు మనుషులు ఉండాలని నాకు చెప్పింది మా బాబాయి. తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది, ఇంటికొకరు చొప్పున సైన్యంలో చేరతారని మిలిటరీ మాధవరం అని పేరు పడింది. మా బాబాయిది దాని పక్క ఊరే. 22 ఏళ్లు మద్రాస్ రెజిమెంట్‌లో చేసి హవల్దారుగా, అంటే సార్జెంటుకు సమానమైన హోదాలో, రిటైరయ్యారు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను బల్ల మీద పటం పరిచి ఉంచితే, కళ్లజోడు నుదుటి మీదికి జరిపి బిళ్లలను ఒక్కొక్కటే వేలితో తోసి చూశారు. కాసేపటికి, "ఏరా, వీళ్లలో హవల్దారెవడు?" అని అడిగారు. సార్జెంటని రాసి ఉన్న బిళ్ల చూపించాను. "వీడు చేసే పనేంటి?" అన్నారు. లెఫ్టినెంట్ చేసేదే చేస్తాడు బాబాయ్, కాకపోతే కాస్త తక్కువగా చేస్తాడు అన్నాను. ఆయన నవ్వలేదు. "అయితే వీడు హవల్దారు కాదు, చిన్నసైజు లెఫ్టినెంటు" అన్నారు.

నా సమీక్షంతా ఆ ఒక్క మాటలో ఉంది. అధికారీ సార్జెంటూ ఒకే పనిని ఎక్కువ తక్కువలుగా చేసేవారని ఈ ఆట భావిస్తుంది. వాస్తవంలో అవి రెండు వేర్వేరు పనులు. మన సైన్యంలో కంపెనీ అనే పెద్ద దళాన్ని సాధారణంగా మేజర్ నడిపిస్తే, అందులోని ముప్పై మందికి పైబడిన ప్లటూన్‌ను యువ అధికారి గానీ సుబేదారో నాయబ్ సుబేదారో గానీ చూసుకుంటారు. పదేసి మంది ఉండే సెక్షన్లకు హవల్దారో, అతని కింది హోదా అయిన నాయక్ గానీ ఉంటాడు. కంపెనీ మొత్తానికి కంపెనీ హవల్దార్ మేజర్ అనే మనిషి ఒకడుంటాడు. ఎటు వైపు నుంచి ఎక్కాలి, వెనక ఉంచుకున్న మిగులు ప్లటూన్‌ను ఎప్పుడు దించాలి, ఫిరంగుల సాయం ఎప్పుడు అడగాలి అన్నవి అధికారి తేల్చే ప్రశ్నలు. తేల్చిన మాట పదిమంది కాళ్ల దాకా చేరిందా, ఎవడి దగ్గర ఎన్ని తూటాలు మిగిలాయి, గాయపడినవాడిని ఎవరు మోస్తున్నారు, చీకట్లో లెక్కకు ఒకడు తగ్గాడేమిటి అన్నవి హవల్దారు అడిగే ప్రశ్నలు. ఈ పెట్టెలో మొదటి రకం ప్రశ్నలు నిండుగా ఉన్నాయి. రెండో రకానికి చోటే లేదు. దళాలకు తూటాల లెక్క ఉండదు, రెండు పాచికల మీదా ఆరు పడితే మెషిన్‌గన్ మొరాయిస్తుంది, అంతే. ఇల్లు పట్టుకున్న తర్వాత దాన్ని నిలుపుకోవడానికి చేయవలసిన చాకిరీ అంతా రెండు నిమిషాల వంతుల మధ్య ఎక్కడో కనిపించకుండా జరిగిపోతుంది.

దీనికి ఆట లోపలి నుంచే ఒక సమర్థన ఉంది, అది కొట్టిపారేయదగినది కాదు. ఇరవై నిమిషాల పోరును చూపే ఆటలో కందకాల తవ్వకమూ తూటాల పంపకమూ ఎందుకు అని అడగవచ్చు. అయితే ఈ పెట్టెలోనే ఒక ఘట్టం 1942 నాటి స్టాలిన్‌గ్రాడ్ వీధుల్లో జరుగుతుంది, ఆ నగరంలో సార్జెంటు కథల్లోకెల్లా ప్రసిద్ధమైనది పావ్లోవ్ ఇల్లు. 13వ గార్డ్స్ రైఫిల్ డివిజన్‌కు చెందిన సార్జెంట్ యాకోవ్ పావ్లోవ్ 1942 సెప్టెంబరు చివరలో మరో ముగ్గురితో కలిసి జనవరి 9 కూడలిలోని నాలుగంతస్తుల ఇంట్లోకి చొరబడ్డాడు. కొద్ది రోజులకు లెఫ్టినెంట్ ఇవాన్ అఫనాస్యెవ్ మెషిన్‌గన్ దళంతో వచ్చి ఆ ఇంటి రక్షణకు అధిపతి అయ్యాడు. ఆ తర్వాత చుట్టూ మందుపాతరలు పాతారు, వెనక వైపు సొంత దళాల దాకా కందకం తవ్వారు, గోడలకు కంతలు పెట్టారు, అలా ఇరవై మందికి కాస్త పైబడిన బలంతో 58 రోజులు నిలిచారు. హోదా రీత్యా ఆ ఇంటికి పెద్ద లెఫ్టినెంటే. పటాల మీద, ఉత్తర్వుల్లో, చివరికి చరిత్రలో నిలిచిన పేరు మాత్రం సార్జెంటుది. 1945లో 'సోవియట్ యూనియన్ వీరుడు' బిరుదు అతనికే దక్కింది. ఆ పేరు ఎవరికి న్యాయంగా చెందాలన్నది వేరే చర్చ. ఈ పెట్టెలోని బిళ్లలతో ఆ ఇంటిని అమరిస్తే ఏమవుతుందో చూడండి: మంచి లెఫ్టినెంట్ గడిలోకి అడుగు పెట్టిన క్షణాన సార్జెంట్ బిళ్ల దాదాపు నిరుపయోగమవుతుంది, ఎందుకంటే ఒక కాల్పుల మీద ఒక్క నాయకుడి అంకె మాత్రమే పనిచేస్తుంది. 58 రోజుల్లో ఇద్దరికీ చేతినిండా పని దొరికింది, ఆటలో రెండోవాడు పక్క ఇంటికి వెళ్లిపోవాలి.

హోదాకూ అంకెకూ వేసిన ముడి కూడా నాకు మింగుడు పడలేదు. కార్పొరల్ ఎప్పుడూ కింద, కెప్టెన్ ఎప్పుడూ పైన. ఈ ఆటలో నాజూకుగా చిత్రించబడిన జర్మన్ సైన్యంలోనే యుద్ధం మొదట్లో పదాతి కంపెనీ మొదటి ప్లటూన్‌కు అధికారి, మిగతా ప్లటూన్లకు ఫెల్డ్‌వెబెల్ స్థాయి సార్జెంట్లు నాయకత్వం వహించేవారు. ప్లటూన్ పరిమాణం అదే, పని అదే. అలాంటప్పుడు ఆ సార్జెంటు పాచికల మీద ఎందుకు వెనకబడాలి? దీనికి మా బాబాయి చెప్పిన మాటే నాకు సరైనదనిపిస్తుంది. అకాడమీ నుంచి వచ్చిన కుర్ర అధికారి మొదటి ఆరు నెలలు ఏ పని మొదలుపెట్టినా సుబేదారు వైపు తిరిగి "సాబ్, మీరేమంటారు?" అని అడిగేవాడట. అడిగినవాడే తర్వాత మంచి అధికారి అయ్యాడని, అడగనివాడి కంపెనీలో పని చేయడం కష్టమని ఆయన అనుభవం. ఆ సలహా అడిగే క్షణానికి ఈ ఆటలో బిళ్ల లేదు.

అధికారి పని విషయంలో మాత్రం ఈ ఆట చాలా దగ్గరగా వస్తుంది. దానికి నేను గుర్తు చేసుకున్నది హైదరాబాద్‌కు చెందిన మేజర్ పద్మపాణి ఆచార్యను. కార్గిల్ యుద్ధంలో, 1999 జూన్ 28 రాత్రి ద్రాస్ సెక్టార్‌లో 2వ రాజపుతానా రైఫిల్స్ కంపెనీని నడిపిస్తున్నప్పుడు, శత్రువు ఫిరంగి గుండ్లు సరిగ్గా ముందు ప్లటూన్ మీదే పడి ఎందరో నేలకొరిగారు, దాడి ఆదిలోనే ఆగిపోయే స్థితి వచ్చింది. అప్పుడాయన మిగులు ప్లటూన్‌ను తీసుకొని తానే ముందు నడిచి, నిటారు రాతి మీదుగా పైకి ఎక్కించారు. శత్రువు బంకరు దాకా పాకి గ్రెనేడ్లు విసిరారు. కదలలేనంతగా గాయపడ్డాక, తనను అక్కడే వదిలి ముందుకు పొమ్మని ఆజ్ఞాపించి తాను కాల్పులు సాగిస్తూనే ఉన్నారు. స్థావరం చేతికొచ్చింది, ఆయన ప్రాణాలు విడిచారు. మహావీర చక్ర లభించింది. ఆ రాత్రి మొదటి సగాన్ని ఈ ఆట తూచా తప్పకుండా చూపగలదు. ముందు గడుల్లో దళాలు చెదిరిపోవడం, నాయకుడు వెనక దళంతో కలిసి కదిలితే వచ్చే ఆ రెండు అదనపు పాయింట్లు, అతని అంకె వల్ల అటుపై తగ్గే పాచికలు, అన్నీ ఉన్నాయి. రెండో సగం దగ్గరే ఆట ఆగిపోతుంది. నాయకుడు పడిపోతే అతని గడిలోని దళాలు నిబ్బరం పరీక్షకు నిలబడాలని నియమం, ఆ పరీక్షలో మంచి ఫలితమంటే చెదరకుండా ఉండడమే. నాయకుడు పడిపోయినందుకే దళం మరింత పట్టుదలగా పైకి వెళ్లే అవకాశం ఈ పెట్టెలో లేదు.

అదే పటాలంలో దానికి రెండు వారాల ముందు, తోలోలింగ్ శిఖరం పట్టుకున్న జూన్ 12-13 రాత్రి, గ్రెనేడ్లతో బంకర్ల మీదికి దూకి ప్రాణాలిచ్చిన కంపెనీ హవల్దార్ మేజర్ యశ్‌వీర్ సింగ్‌కు వీర చక్ర వచ్చింది. ఆయన హోదా సార్జెంటు వరుసలోనిదే. ఈ పెట్టె లెక్కన ఆయన బిళ్ల ఏ అంకెతో ఉండేదో ఊహించి, నేను బిళ్లను పక్కన పెట్టేశాను.

ఒక మాట న్యాయంగా ఒప్పుకోవాలి. ఈ ఆటలో అసలు అధికారి పటం మీద లేనే లేడు, బల్ల పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఎటు కదలాలో, ఎవరిని బలి ఇవ్వాలో, ఎప్పుడు ఆగాలో తేల్చేది ఆడేవాడే. పటం మీది నాయకులంతా ఆ మాటను గడి గడికీ మోసుకుపోయేవారు, అంటే హోదా ఏదైనా చేస్తున్నది సార్జెంటు పనిలో ఒక ముక్క. కాకపోతే కుర్చీలోని అధికారికి పటమంతా పైనుంచి కనిపిస్తుంది. చీకటి, పొగ, తప్పు విన్న ఆజ్ఞ అతనికి తెలియవు. నిజమైన లెఫ్టినెంటుకు నలభై మీటర్ల అవతలి తన సొంత సెక్షన్ కూడా కనిపించదు, అందుకే అతనికి అక్కడ ఒక హవల్దారు కావాలి. ఆ అవసరాన్ని పుట్టించే చీకటే ఈ బల్ల మీద లేదు కాబట్టి, హవల్దారూ అవసరం లేకుండా పోయాడు. ఇదే వరుసలోని పెద్ద ఆటలో దాగి ఉన్న దళాలకు, రాత్రి పోరుకు, సోవియట్ కమిసార్లకు (సైన్యంలో పార్టీ తరఫున ఉండే అధికారులకు) కూడా నియమాలున్నాయి. వాటిని చదవడానికి మాత్రం సెలవు పెట్టుకోవాలి.

ఎవరు కొనవచ్చో చెబుతాను. చదరంగం ఆడేవారికి ఇందులోని పాచికల అదృష్టం చికాకు పుట్టిస్తుంది. ఎనిమిది దశల వంతు క్రమం వంటబట్టడానికి నాకు నాలుగు సాయంత్రాలు పట్టింది. ఒక ఘట్టానికి రెండు మూడు గంటలు, ఓపికగల రెండో మనిషి తప్పనిసరి. సైనిక చరిత్ర మీద ఆసక్తి ఉండి, ఒక దాడి ఎందుకు విఫలమవుతుందో పుస్తకంలో చదవడం కాక చేత్తో అనుభవించాలనుకునేవారికి డబ్బుకు తగిన వస్తువే. పిల్లలకు సైన్యంలో అధికారి ఉద్యోగం గురించి అవగాహన కల్పించడానికి కొందామనుకునేవారు మాత్రం ఇందులో కనిపించేది సగమేనని తెలిసి కొనాలి.

మిగతా సగం కోసం మేమిద్దరం ఒక సొంత నియమం పెట్టుకున్నాం. బాబాయి వంటింట్లోంచి రెండు చింతగింజలు తెచ్చి, ఒక్కో పక్షానికి ఒకటి ఇచ్చారు. ఆ గింజ కాల్పులకు సాయపడదు, దాడిలో ముందు నడవదు, పాచికల్లోంచి ఏమీ తగ్గించదు. చెదిరిన దళం ఉన్న గడిలో పెడితే మాత్రం నాయకుడు లేకపోయినా ఆ దళం కూడగట్టుకోవడానికి పాచికలు వేయవచ్చు, మొరాయించిన మెషిన్‌గన్ దగ్గర పెడితే బాగుచేయడానికి రెండోసారి ప్రయత్నించవచ్చు. వీర్‌విల్‌ను అలా మూడుసార్లు ఆడాం. నా మంచి నాయకుడు మూడుసార్లూ నిశ్చింతగా ముందుకే వెళ్లాడు, నేను రెండుసార్లు గెలిచాను. గింజ మీద ఏదైనా అంకె రాద్దామా అని అడిగితే బాబాయి వద్దన్నారు.